మూడు పాదముల పద్యము – మన పిల్లలు



నేను వ్రాయబోవునది పెద్ద విషయము కాదు. మూడు చిన్న పాదములతో ముగిసిపోవు పద్యమును గుఱించియు, దానిని మా యూరి పిల్లలతో చదువుకొనుచు నేను చేసిన యొక పొరపాటును గుఱించియు నాలుగు మాటలు చెప్పదలచితిని. పొరపాటు నాదే గనుక దానిని చెప్పుటకు నాకు అధికారము కలదనుకొందును.

మాది పాల్మాకుల. హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రహదారిమీద శంషాబాదు దాటిన తరువాత వచ్చు గ్రామము. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయము తెఱచినది మొదలు మా ప్రాంతపు బ్రతుకే మాఱినది. జొన్నయు కందియు పండిన చేలలో నేడు హద్దురాళ్లు పాతియున్నవి. మా పిల్లలు ఎడ్లబండి కనబడిన పరుగెత్తి చూతురు గాని, నెత్తిమీద విమానము పోయిన తలయైనను ఎత్తరు. మావారు ఉపాధ్యాయులు. నాకు బడిచదువు లేదు. మా తాతగారియొద్ద ఇంటనే అమరము, భారత భాగవతములు, ఆముక్తమాల్యదలో కొంత భాగము చదువుకొంటిని. ఆదివారము సాయంకాలము మా యరుగుమీద ఎనమండుగురో పదిమందియో పిల్లలు చేరుదురు. వారికి నేను పద్యములు చదివి వినిపింతును. నడుమ విమానము వచ్చినచో చదువుట ఆపి, అది పోవువఱకు ఊరకుండవలసినదే. పిల్లలు వచ్చుట పద్యముల కొఱకా, పిమ్మట పెట్టు పుట్నాలు బెల్లముల కొఱకా యని నేనెన్నడును విచారింపలేదు.

రెండేండ్ల క్రిందట మావారు హైదరాబాదు పుస్తక ప్రదర్శననుండి నాలుగు పుస్తకములు తెచ్చిరి. అందొకటి ఇస్మాయిల్ గారి ‘కప్పల నిశ్శబ్దం’. ఇస్మాయిల్ గారు (1928–2003) కాకినాడ కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించిన కవి. ఆ హైకూల పుస్తకము మొదట 1997లో వెలువడినది. తెఱచి చూతును గదా, పద్యములకంటె తెల్లకాగితమే యెక్కువగా కనబడెను. “దీనికి ఇంత కాగితమేల? ఒక్క సీసపద్యములో ఇట్టివి నాలుగు పట్టును” అని నవ్వితిని. మావారు “ఒకటి చదివి, పుస్తకము మూసి, నీ పని చూచుకొమ్ము. పిమ్మట చెప్పుదువు గాని” అనిరి. అట్లే చేసితిని. బియ్యములో రాళ్లేరుచుండగా, చదివిన ఆ దృశ్యము వచ్చి నా యెదుట కూర్చుండెను. చేటలోని బియ్యము అయిపోవువఱకు కదలలేదు. సీసపద్యము చెవిలో మ్రోగును, ఇది కంటిలో మిగిలినది. నాటినుండి నా పరిహాసము తగ్గినది.

హైకూ జపాను దేశపు పద్యము. పూర్వమక్కడ కవులు కొందఱు కూడి, ఒకరు చెప్పిన పాదములకు మఱియొకరు పాదములు చేర్చుచు, గొలుసువలె పద్యము లల్లెడివారు. ఆ గొలుసులో మొదటి కడియమునకు హొక్కు అని పేరు. ఆ చిన్న కడియమునకు గౌరవము తెచ్చినవాడు బషో (1644–1694). ఆయన కఱ్ఱ చేతబట్టుకొని దేశమంతయు కాలినడకను తిరిగి, చూచినదానిని చూచినట్లు చెప్పెను. పాత కొలనులోనికి దూకిన కప్పను గుఱించి 1686లో ఆయన చెప్పిన పద్యము నేడు లోకములోని ప్రతి భాషలోనికిని దూకినది. మన ఇస్మాయిల్ గారి పుస్తకము పేరులోని కప్పలు కూడ ఆ కొలనువే యని నా యూహ. పిమ్మట షికి (1867–1902) అను నాతడు ఆ మొదటి కడియమును గొలుసునుండి విడదీసి, హైకు అను పేరును స్థిరపఱచెను. ఈ షికి క్షయరోగముతో మంచము పట్టి, కదలలేక, పక్కమీదనుండి కనబడు పెరటితోటను చూచియే వ్రాసి ముప్పదినాలుగవ యేట పోయెను. తిరుగుటకు దేశమంతయు దొరకినవాడును, కిటికీ మాత్రమే దొరకినవాడును ఒకే పద్యమును పట్టుకొని బ్రతికిరి! వంటయింటి కిటికీ తప్ప మఱొక కిటికీ యెఱుగని మనకు ఈ రెండవవాని మాట కొంత ధైర్యము నిచ్చునది.

స్త్రీలలో చియోని (1703–1775) యను నామె ప్రసిద్ధురాలు. కాగా ప్రాంతములో మత్తో యను ఊర, చిత్రపటములకు అట్టలు కట్టువాని యింట పుట్టెను. బాల్యముననే పద్యములు చెప్పి పేరుగాంచి, తరువాతి కాలమున సన్న్యాసిని యయ్యెను. ప్రొద్దుటిపూట నీళ్లకు బావికి పోయినపుడు కనబడిన పూవుమీద ఆమె చెప్పిన పద్యమే ఆమెను నేటివఱకు నిలిపినది. మన అమ్మమ్మలును ఆ వేళకే బావికి పోయిరి. వారికిని పూవులు కనబడియే యుండును. కాగితమే లేకపోయెను.

పిల్లలకు మాత్రము ఇస్సా (1763–1828) కన్న దగ్గఱివాడు లేడు. మూడవయేట తల్లిని పోగొట్టుకొని, నాయనమ్మ చేతిలో పెరిగి, సవతితల్లి పోరు పడలేక చిన్ననాడే యిల్లు విడిచినవాడు. పెద్దవయసున పెండ్లియాడి, పుట్టిన బిడ్డలను పసితనములోనే ఒకరి వెంట నొకరిని పోగొట్టుకొనెను. ఆతడు వ్రాసిన పద్యములు దాదాపు 20,000 కలవు. అందు పిచ్చుకలు, ఈగలు, నత్తలు, కప్పలు, మిణుగురులు నిండియున్నవి. తల్లిలేని పిల్లవాడు పిచ్చుకపిల్లతో మాటలాడినాడని చెప్పినపుడు మా యరుగుమీది అల్లరి యంతయు ఒక్క క్షణము అణగినది.

మన దేశమునకు ఈ కబురు మొదట తెచ్చినవారిలో రవీంద్రనాథ ఠాకూరు ముఖ్యులు. ఆయన 1916లో జపానుకు పోయి, అక్కడి చిన్న పద్యములను మెచ్చుకొని తన యాత్రాగ్రంథమున వ్రాసెను. ఆ సంవత్సరముననే తమిళదేశమున సుబ్రహ్మణ్య భారతియు పత్రికలో జపాను కవిత్వమును గుఱించి వ్యాసము వ్రాసెను. తెలుగున ఇస్మాయిల్ గారితోపాటు పెన్నా శివరామకృష్ణగారు, బి.వి.వి. ప్రసాద్ గారు మొదలగువారు హైకూలు వ్రాసిరి. దీనికి మన యింటి చుట్టము నానీ. ఆచార్య ఎన్. గోపిగారు 1997లో ప్రవేశపెట్టినది. నాలుగు పాదములు, 20 మొదలు 25 వఱకు అక్షరములు. మా పిల్లలకు నానీలు బడిలోనే తెలియును. రెండింటికిని భేదమేమని యడిగిరి. నాకు తోచినది చెప్పితిని. నానీ ఒక మాట యని నవ్వించును, లేక గుచ్చును. హైకూ ఏమియు అనదు, చూపించి ఊరకుండును. ఇది శాస్త్రము కాదు, నా యభిప్రాయము మాత్రమే.

ఇక ఛందస్సు. జపాను పద్యమునకు అయిదు, ఏడు, అయిదు, వెరసి పదియేడు లెక్క. మనవారు పదియేడు అక్షరములని తలచి వ్రేళ్లు మడచి లెక్కించుదురు. నేనును మొదట అట్లే లెక్కించితిని. కాని వారి లెక్క అక్షరముల లెక్క కాదు, మన మాత్రల లెక్కకు చేరువైనది. దీర్ఘమును వారు రెండుగా లెక్కింతురు. పొల్లు నకారమునకును, ఒత్తునకును వేఱుగా ఒక్కొక్కటి లెక్కింతురు. బషో అనిన మూడు. టోక్యో అనిన నాలుగు. వారి దేశమును వారు నిప్పొన్ అందురు, అదియు నాలుగే. మన గురులఘువులతో లెక్కించి చూడుడు, సరిగా అంతే వచ్చును! హైకు అను మాట వారికి మూడు మాత్రలు. చివర దీర్ఘమిచ్చి నాలుగు చేసినది మనమే. మన ద్విపదలో పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము గదా. అనగా 15 మొదలు 18 వఱకు మాత్రలు. కాబట్టి జపానువారి పద్యమంతయు కలిసి మన ద్విపదలో ఒక్క పాదమంత. ఈ సంగతి కనుగొన్ననాడు నేను పొయ్యిమీది పాలు పొంగించితిని.

లెక్కకన్న ముఖ్యమైనవి వారికి రెండు కలవు. ఒకటి ఋతువును తెలుపు మాట. ఏ మాట ఏ ఋతువునకు చెందునో చెప్పు నిఘంటువులే అక్కడ కలవు. రెండవది పద్యము నడుమ ఒక విఱుపు. దాని కొఱకు ‘య’ వంటి అర్థములేని చిన్న మాటలు వారికి కలవు. ఈ యొడ్డున ఒక వస్తువు, ఆ యొడ్డున ఒక వస్తువు. నడుమ వంతెన కట్టుట చదువువాని పని. వంతెన కూడ కవియే కట్టి, దానిమీద నిలిచి ఉపన్యసించినచో అది హైకూ కాజాలదు.

ఇట్టి చూపు మనకు క్రొత్త యని నేననను. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు విల్లిపుత్తూరును వర్ణించుచు, పంటకాలువలో తలలు రెక్కలలో దూర్చుకొని నిదురించు బాతులను చూపించెను. తెల్లవాఱుజామున స్నానమాడిన బ్రాహ్మణులు మఱచిపోయిన తడిబట్టల ముద్ద లనుకొని కావలివారు వానిని తెచ్చియిచ్చుటకు నీట దిగుదురు. బట్టలు లేచి పరుగెత్తును! చేని కావలి కాయు పడుచులు పకపక నవ్వుదురు. ఆ గ్రంథముననే వర్షర్తువునందు ఇల్లాలు తడికట్టెలతో పడు పాట్లు కలవు. నిప్పు దొరకదు, దొరకినను అంటుకొనదు, పొగకు కండ్లు మండును. అంతటి చక్రవర్తికి మన వంటయింటి పొగ యెట్లు తెలిసినదో! హాలుని గాథాసప్తశతిలోను పల్లెటూరి బ్రతుకు చిన్నచిన్న గాథలలో మెఱయును. అందు శృంగారము పాలు ఎక్కువ గనుక పిల్లలకు ఏరి చెప్పవలసియుండును. మన కవులు చూచిరి. కాని చూచినదానిని సమాసములతోడను అలంకారములతోడను నింపి పెద్ద పళ్లెములో వడ్డించిరి. జపానువారు ఒక్క మెతుకు చూపించి చాలించిరి. నాకు రెండును కావలయును. పిల్లలకు మాత్రము మొదట మెతుకే మేలు.

మొదటి ఆదివారము నేను ఒక హైకూ చదివి ఆగితిని. పిల్లలు నా మొగము చూచుచుండిరి. కొంతసేపటికి ఒక పిల్లవాడు “అయిపాయెనా?” అని యడిగెను. అయిపోయినదంటిని. “గింతేనా!” యని అందఱును నవ్విరి. నాకు కష్టము తోచలేదు, నేనును అట్లే నవ్వినదానను గదా. మఱల చదివితిని. అర్థము చెప్పలేదు. తాత్పర్యము అడుగలేదు. “మీకేమి కనబడినది?” అని మాత్రము అడిగితిని. ఒకరికి చెఱువు కనబడినది. ఒకరికి తమ అమ్మమ్మ యింటి పెరడు కనబడినది. నవ్విన పిల్లవానికి ఏమియు కనబడలేదట. ఆ మాట నిజాయితీగా చెప్పినందుకు వానికి ఒక గుప్పెడు పుట్నాలు ఎక్కువ పెట్టితిని.

మూడు నాలుగు వారములు చదివిన పిదప వ్రాయుమంటిని. అప్పటికి నా మాత్రల జ్ఞానము కలుగలేదు. పదియేడక్షరములు తప్పరాదని నియమము పెట్టితిని. పిల్లలు వ్రేళ్లు మడచుకొనుచు కూర్చుండిరి. వచ్చిన పద్యములలో ప్రతి చెట్టును ‘చక్కని’ చెట్టే, ప్రతి గాలియు ‘మంచిగా’ వీచినదే. లెక్క నింపుటకు వేసిన ఊకయే కాని గింజ లేదు. మఱుసటి వారము లెక్క మానుమంటిని. మూడు పాదములు చాలును, మీరు కంటితో చూచినదియు చెవితో విన్నదియు మాత్రమే వ్రాయుడంటిని. ఆనాడు నవ్విన పిల్లవాడే మొదట కాగితము తెచ్చెను.

బర్రె మీద కొంగ
బర్రె లేసింది
కొంగ లేవలే

నేను దీనిని చదివి చాలసేపు ఊరకుంటిని. ‘బఱ్ఱె’ యని శకటరేఫము వేయుదునా యని చేయి లేచినమాట నిజము. వేయలేదు. నేను పుస్తకముల భాష వ్రాయుదును, ఈ వ్యాసమే సాక్ష్యము. మఱియొక తీరున వ్రాయుట నాకు చేతకాదు. కాని ఆ కొంగను ఆ పిల్లవాడు తన భాషతో చూచెను. ‘లేవలే’ అను మాటలోని బద్ధకము ‘లేవలేదు’లో లేదు, ‘లేవకుండెను’లో బొత్తిగా లేదు.

ఋతువు మాటమీద కొంత వివాదము నడచినది. మన పల్లెలో తంగేడు పూచిన బతుకమ్మ దినములని, మామిడి పూత యనిన మాఘమని అందఱకును తెలియును. అట్టి మాట ఒకటి ఉండవలెనంటిని. ఒక బాలిక విమానమును వ్రాసితెచ్చినది. “విమానమునకు ఋతువేమి? ఏడాది పొడవునను పోవును గదా” అంటిని. ఆమె వ్రాసినది చూడుడు.

మంచుల సప్పుడు
యాడున్నదో
ఇమానం

చలికాలపు తెల్లవాఱుజామున మంచు కప్పినపుడు మా యూర విమానము కనబడదు, మ్రోత మాత్రము వచ్చును. పదియేండ్లకు మించి ఈ యూర కాపురమున్న నేను ఆ మ్రోతను విసుగుకొనుటయే కాని వినలేదు. నిఘంటువు వ్రాసినవారికి లేని ఋతువొకటి మా పిల్లలకు దొరకినది.

ఇప్పుడు నా పొరపాటు చెప్పెదను.

అరుగు చివర కూర్చుండి ఎన్నడును నోరు విప్పని బాలిక యొకతె కలదు. తొమ్మిది పదియేండ్ల పిల్ల. ఒకనాడు మడచిన కాగితము నా చేతిలో పెట్టి వెనుకకు పోయి కూర్చుండెను.

నాయిన చెప్పులు
కడప కాడ
మెల్లగ నడుస్తున్న

చదువగానే నా మనస్సు రామాయణమునకు పరుగెత్తినది. పాదుకలు, భరతుడు, నందిగ్రామము! అందఱకును వినబడునట్లు చదివి, “చూచితిరా, ఈ పిల్లకు తండ్రియెడ ఎంతటి భక్తియో! చెప్పులు కనబడిన మాత్రమున అడుగు మెత్తబడినది” అని, భరతుని కథ పావుగంట చెప్పితిని. అంతటితో ఆగినను బాగుండెడిది. కలము తీసికొని ‘తండ్రి పాదుకలు – గడపయొద్ద – భక్తితో నడచుచున్నాను’ అని దిద్ది, తక్కిన పిల్లలను దానిని వ్రాసికొనుమంటిని. ఆ పిల్ల తలవంచుకొని కూర్చుండెను. అది వినయ మనుకొంటిని.

తరువాతి ఆదివారము ఆమె రాలేదు. ఆ పై వారమును రాలేదు. జ్వరము కాబోలునని తలచితిని. మూడవ ఆదివారము ఉదయము పదిగంటల వేళ వారి యింటికి పోతిని. వాకిట అడుగుపెట్టగనే తల్లి ఎదురువచ్చి పెదవులమీద వ్రేలుంచినది. ఒకటే గది. గడపయొద్ద మగవాని చెప్పులు విడిచియున్నవి. “రాత్రంత ఏర్పోర్టు కాడ క్యాబు నడిపి తెల్లారినంక వచ్చిండు, అక్కా. సప్పుడైతే లేస్తడు. లేస్తే మల్ల నిద్ర పట్టది. రాత్రికి మల్ల పోవాలె” అని చెవిలో చెప్పినది. ఆ బాలిక వాకిలి మూల గిన్నెలు తోముచుండెను. తోమిన ప్రతి గ్లాసును క్రింద పఱచిన పాతగుడ్డమీద చప్పుడు కాకుండ పెట్టుచుండెను. నేనును నా చెప్పులు ఆ చెప్పుల ప్రక్కన విడిచి, మెల్లగా నడచి, ఆమె ప్రక్కన కూర్చుంటిని.

ఇందులో భరతుడు లేడు, నందిగ్రామము లేదు. నిదురించుచున్న యొక మనుష్యుడును, అతని నిదురను కాచుచున్న యొక పిల్లయు కలరు. నేను భక్తియని పేరుపెట్టినది ఆ పిల్లకు ప్రతిదినపు పని. ఆమె వ్రాసిన మూడు పాదములలో అంతయు ఉండెను. నేను కాసేపు ఊరకున్నచో, “ఎందుకు మెల్లగా?” అని యెవరో ఒక పిల్ల అడిగియుండును, ఆమెయే చెప్పియుండును. వంతెన కట్టుట చదువువాని పని యని పిల్లలకు బోధించిన నేనే తప్పుడు వంతెన కట్టి, అందఱిని దానిమీద నడిపించితిని.

“నీ పద్యమును నేను పాడుచేసితిని. మఱల వ్రాసి యిత్తువా?” అని గుసగుసగా నడిగితిని. ఆమె గ్లాసు తుడుచుచు “మరి అందరు రాసుకున్నది?” అని యడిగినది. కొట్టివేయింతునంటిని. “పెన్నుతోని రాసిండ్రు” అన్నది. పిల్లల చూపునుండి ఏదియు తప్పించుకొనదు! ఆ సాయంకాలము తక్కిన పిల్లలందఱిచేత ఆ పుట చింపించి, జరిగినది చెప్పితిని. తల్లి సమ్మతి ముందే అడిగియుంటిని. పంతులమ్మ తప్పుచేసినదనిన వారికి కలిగిన సంతోషము వర్ణింపనలవి కాదు.

తల్లి సమ్మతి యంటిని. ఇది కూడ అనుభవముమీద నేర్చినదే. పిల్లలు చూచినది వ్రాయుదురు. చూచునది ఎక్కువగా మన యిండ్లనే. మఱియొక బాలిక ఇట్లు వ్రాసినది.

రొట్టె సప్పుడు
ఆగింది
అమ్మ కండ్లు తుడుసుకుంటంది

జొన్నరొట్టె తట్టు చేతిచప్పుడు వినినవారికి ఆ చప్పుడు ఆగుట యేమో తెలియును. పద్యము ఊరిలో ఒకరినోట నుండి యొకరికి పోయి, ఆ తల్లి చెవిని పడినది. ఆమె నాయొద్దకు వచ్చి, “ఏందక్కా, మా ఇంట్ల ఏమో అయినట్టు రాసింది పోరి! కట్టెలు పచ్చియున్నయి, పొగకు తుడుసుకుంటి” అని నవ్వినది. నేనును నవ్వితిని. ఆమె చెప్పినది నిజమే కావచ్చును. రాయలవారు వర్ణించిన పొగయే కావచ్చును. కాని ఆమె పోయిన తరువాత చాలసేపు నాకు పని తోచలేదు.

నాటినుండి ఇంటిలోని మనుష్యులు వచ్చు పద్యమును ఆ పిల్లను విడిగా అడుగక, అవసరమైనచో తల్లినిగూడ అడుగక, పదిమందిలో చదువుట మానితిని. కొన్ని పద్యములు నాకును ఆ పిల్లకును మాత్రమే తెలిసి, పెట్టెలో నున్నవి. పిల్లలను ఇటువంటివి వ్రాయనీయవద్దని, పూవులను పక్షులను గుఱించి మాత్రమే వ్రాయింపుమని నాతో నన్నవారు కలరు. నేను అంగీకరింపలేదు. తల్లి కండ్లు తుడుచుకొనినపుడు బిడ్డ చూచియే తీరును. వ్రాయవద్దన్న మాత్రమున చూచుట మానదు. చూచినదానిని తనలోనే మూటగట్టుకొనును, అంతే.

మీలో నెవరికైన ఇట్లు పిల్లలతో చదువవలెనని కోరిక కలిగినచో పెద్ద యేర్పాటు లేమియు అక్కఱలేదు. రాత్రి భోజనములైన పిమ్మట ఒక్క పద్యము. ఒక్కటే చాలును, రెండవది చదివినచో మొదటిది పోవును. రెండుసారులు మెల్లగా చదువుడు. పిమ్మట నోరు మూసికొని కూర్చుండుడు. అన్నింటికన్న కష్టమైనది ఇదియే. తాత్పర్యము చెప్పవలెనని నాలుక కొస దురద పుట్టును. అప్పుడు లేచి పాలకు తోడు పెట్టుడు. పిల్లవాడు వ్రాసి తెచ్చినదానిలో అక్షరదోష మున్నచో అప్పుడే చెప్పకుడు. బడి పుస్తకము దిద్దునపుడు ఆ మాట వేఱుగా నేర్పవచ్చును. చేతిలో ఫోను పట్టుకొని వినవద్దు. వారు మన కంటినే చూచుచుందురు.

మావారు ఒకనాడు క్రొత్త సంగతి తెచ్చిరి. జపాను విమానసంస్థకు చెందిన ధర్మనిధి యొకటి 1990నుండి రెండేండ్ల కొకసారి లోకములోని బాలబాలికలనుండి హైకూలు తెప్పించుచున్నదట. పిల్లవాడు తన చేతితో బొమ్మ గీసి, దానితో పద్యము పంపవలెను. ఎన్నికైనవానిని పుస్తకముగా అచ్చు వేయుదురు. మన పిల్లలచేత పంపింతమా యనిరి. నాకు కొంత సందేహము కలిగినది. బహుమానము అనగానే మఱల ‘చక్కని’ చెట్లును, ‘మంచి’ గాలులును వచ్చునేమో! పిల్లల నడిగితిని. వారికి బహుమానముకన్న వేఱొక సందేహము ముఖ్యమైనది. “మనం రాసింది ఇమానంల పోతదా?” పోవచ్చునంటిని. “మన ఊరి మీదికెల్లేనా?” అది చెప్పలేనంటిని. బొమ్మలు గీయుటకు రంగులు తెప్పించితిమి. కొంగ బొమ్మ ఇప్పటికి నాలుగుసారులు చెడినది. బఱ్ఱె మాత్రము బాగుగానే కుదిరినది.

చెప్పుల పద్యము వ్రాసిన బాలికను నీదియు పంపుదువా యని అడిగితిని. “అది మా ఇంటిది” అన్నది. నేను మఱల అడుగలేదు. ఈ వ్యాసములో వ్రాయుదునా యని మాత్రము వేఱుగా నడిగి, పేరు వ్రాయనని చెప్పి, తండ్రితో గూడ మాటలాడి, వారు సరేయన్న పిదపనే వ్రాయుచున్నాను.

గడచిన ఆదివారము ఆ పిల్ల అరుగు చివరనుండి నడుమకు వచ్చి కూర్చుండెను. నేను ఇస్సా కథ మఱల చెప్పుచుంటిని, వారే అడిగిరి. నడుమ విమానము వచ్చినది. ఆపితిని. అది పోయినది. చెప్పనారంభించితిని. మఱియొకటి వచ్చినది. అపుడామె కాగితముమీద ఏమో గీకి నా యొడిలో వేసెను.

పంతులమ్మ
నోరు తెరిసింది
ఇమానం పోనియ్యి

“చదువనా?” అని యడిగితిని. తలయూపినది. చదువబోవునంతలో మూడవది వచ్చినది. అందఱమును కూర్చుండి, అది పోవువఱకు కనిపెట్టుకొని యుంటిమి.